ఇంట్లో కొట్టిన కొబ్బరికాయ

"లేవండి. మీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క పది నిమిషాలు కిందికొచ్చి కూచోండి. మళ్లీ వచ్చి పండుకుందురు గాని."

అన్నట్టే కృష్ణకుమారి భర్త కాళ్లు పట్టుకుంది. ఇంద్రసేనయ్య కాళ్లు వెనక్కి తీసుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు అలాగే ఉన్నాడు. ఆదివారం సాయంత్రం మిద్దె మీది ఈ గదిలోకి వచ్చి పడుకున్నాడు, ఇవాళ బుధవారం. స్నానం లేదు, గడ్డం గీసుకోవడం లేదు, పైకి తెచ్చిన అన్నం తెచ్చినట్టే కిందికి పోతోంది.

ఆ గది తలుపుకు లోపలి గడియ లేదు. పోయినేడాది కృష్ణకుమారే వడ్రంగిని పిలిపించి పీకించింది. చెదలు పట్టిందని అందరికీ చెప్పింది. ఇనుప గడియకు చెదలేమిటని ఎవరూ అడగలేదు, అది ఆమె అదృష్టం.

"చెల్లెమ్మా! బావగారు ఇంకా పూజలోనే ఉన్నారా?" కింద పడసాలలోంచి వెంకటేశులు శెట్టి కేక వినిపించింది.

"ఆ అన్నా! అయిపోవచ్చింది! వస్తాండారు!"

చూశారా, ఎంత గబుక్కున వచ్చిందో అబద్ధం! మొదట్లో ఈమె ఇలా ఉండేది కాదు పాపం. అబద్ధమాడాల్సి వస్తే చెంగుతో నోరు తుడుచుకుని, తడబడి, దొరికిపోయేది. ఇప్పుడు అలవాటైపోయింది.

వెంకటేశులు శెట్టి ఊరికే రాలేదు. ఆదోనిలో వర్తక సంఘానికి ఆయన పెద్ద. అంతకంటే ముఖ్యం, రాజశ్రీకి తండ్రి. రాజశ్రీని ఈ ఇంటి ఒక్కగానొక్క కొడుకు సాయితేజకు ఇవ్వాలని మాట అయింది. ఈ శ్రావణంలోనే తాంబూలాలు. అదే శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు సంఘం అన్నదానం చేస్తుంది. గురువారాల మొక్కు తప్పకుండా తీర్చుకున్నవాడి చేత తొలి గరిటె వడ్డింపించడం వీళ్ల ఆనవాయితీ. ఈసారి ఆ గరిటె ఇంద్రసేనయ్యదన్నారు. రేపే గురువారం. ముందు రోజు ఇంటికి వచ్చి కండువా కప్పి పిలవాలి కాబట్టి, ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని పూలదండతో సహా వచ్చి కూర్చున్నాడు.

చిక్కేమిటంటే, ఇంద్రసేనయ్య ఒక్క గురువారం కూడా ఉరుకుందకు పోలేదు. ఆయన పోయింది ఎమ్మిగనూరికి.

పత్తి కుప్పలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి లాగి చూసి, పింజ పొడుగెంతో చెప్పే మనిషి ఆయన. మార్కెట్ యార్డులో ఆయన మాటకు తిరుగుండేది కాదు. అలాంటివాడు రెండేళ్ల కిందట ఒక పొద్దున కుప్ప ముందు నిలబడి, "ఏది పట్టుకున్యా చేతికి ఒకటే అనిపిస్తాందిరా" అని కొడుకు ముందు ఏడ్చాడు. ఆ తర్వాత ఆకలి పోయింది, నిద్ర పోయింది, మాట పోయింది. కర్నూలులో డాక్టరు దీన్ని డిప్రెషన్ అంటారని చెప్పి మాత్రలు రాశాడు. మాత్రలొక్కటే చాలవు, వారం వారం ఒకరి దగ్గర కూర్చుని మాట్లాడాలన్నాడు. ఎమ్మిగనూరులో యశోద అనే కౌన్సెలర్ ఉందని ఆయనే చెప్పాడు. అక్కడైతే తెలిసినవాళ్ల కంటపడమని కృష్ణకుమారి సంతోషించింది.

వీధిలో వాళ్లు ఊరుకుంటారా? "గురువారం గురువారం యాడికి పోతాండారు?" అని అడిగారు. కారెక్కుతున్న కృష్ణకుమారి "ఉరుకుందకు. ఈయనకు ఒంట్లో బాగలేదు, మొక్కుండాది" అనేసింది.

దేవుడి దగ్గరికి పోయినవాళ్లు వట్టి చేతులతో రారు కదా. అందుకని ఎమ్మిగనూరు నుంచి రాగానే వంటింట్లో కొబ్బరికాయ కొట్టి, సన్నగా తరిగి, చక్కెర కలిపి వీధంతా పంచేది. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు.

వైద్యం మాత్రం పనిచేసింది. ఆ మాట దాచకూడదు. ఒక గురువారం యశోద దగ్గర్నుంచి బయటికొచ్చి ఇంద్రసేనయ్య బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాడు. తిని, ఇంకో బజ్జీ వేయమన్నాడు. ఇంకో బజ్జీ! కృష్ణకుమారి కారులో ముఖం పక్కకు తిప్పుకుని ఊరొచ్చేదాకా ఏడ్చింది. పోయిన సీజన్లో యార్డుకు వెళ్లి గుప్పెడు పత్తి లాగి, "ఇది వానకు తడిసిన సరుకు" అన్నాడు. చేతికి తెలిసిందన్నమాట! వీధంతా ఈరన్న మహిమ అంది. కాదనడానికి కృష్ణకుమారికి నోరు రాలేదు.

అలా కోలుకున్న మనిషి ఆదివారం నుంచి మళ్లీ గోడవైపు తిరిగాడు. గరిటె సంగతి చెవిన పడినందుకేనని ఆమె అనుకుంటోంది.

"రేపొక్క దినం ఉరుకుందకు పోయొద్దాం. తొలి గరిటె వేస్తే అయిపోయె. వచ్చే గురువారం ఎమ్మిగనూరికి పోదాం."

ఆయన గోడవైపు తిరిగే అన్నాడు.

"రేపు ఎమ్మిగనూరికి పోకుంటే నేను ఉండలేను కృష్ణా."

"ఉండలేను అంటే?"

ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

"ఉండలేను అంటే ఏందండీ? నాకు భయమేస్తాంది. ఏదో ఒకటి చెప్పండి."

"ఆయమ్మ కాడ గంటసేపు నిజం మాట్లాడతా. ఊపిరాడుతుంది. ఇంటికొస్తూనే నువ్వు కొబ్బరికాయ కొడ్తావు. ఆ చప్పుడుతో అంతా పోతాది."

"నేను ఎవరి కోసం కొడ్తాండాను? నా కోసమా?" కృష్ణకుమారికి ఒళ్లు మండిపోయింది. "పెండ్లి కావాల్సిన పిల్లోడు ఇంట్లో ఉండాడు. తండ్రికి పిచ్చంట అని ఒక్కరంటే చాలు, వానికి పిల్లనెవరిస్తారు?"

"నాకు పిచ్చి కాదు."

"నాకు తెలుసు. నాకు తెలిస్తే ఏమొస్తుంది? ఊరికి తెలుసా?"

ఆమె లేచి, ముట్టని అన్నం పళ్లెం తీసి తలుపు పక్కన పెట్టింది.

ఆయన మళ్లీ పడకేశాడని కబురు చేస్తే, నిన్న యశోద ఫోను చేసింది. "రేపు ఎల్లుండిలో ఆయన్ను ఒక్కరినే వదలొద్దమ్మా. గురువారం తప్పకుండా తీసుకురండి. ఈసారి మీరు కూడా లోపలికి రండి" అంది. లోపలికి రమ్మని ఆమె అడగడం ఇది మొదటిసారి కాదు. కృష్ణకుమారి ప్రతిసారీ బయట బెంచీ మీదే కూర్చుంటుంది. లోపల ఏం మాట్లాడుకుంటారో అని ఆమెకు భయం. తన పేరు వస్తుందేమోనని ఇంకా భయం.

సాయితేజ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఫోను ఉంది. ముఖం వాడిపోయి ఉంది.

"అమ్మా, రాజశ్రీ ఫోను ఎత్తడం లేదు. నాలుగు దినాలాయె. వాళ్ల నాయననడిగితే మాట మార్చినాడు."

"ఇప్పుడా నీకు ఆ సంగతి?"

"అది కాదు, ఉచ్చీరమ్మ వచ్చింది. మన నాయనతోనే మాట్లాడాలంట. గడపలో నిలబడి ఏడుస్తాంది."

ఉచ్చీరమ్మ వీళ్ల జిన్నింగు మిల్లులో పత్తిలో చెత్త ఏరే మనిషి. వెనక సందులోనే ఇల్లు. ఆమె పేరు వినగానే ఇంద్రసేనయ్య లేచి కూర్చున్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి భార్య ముఖంలోకి చూశాడు.

"ఆదివారం మిల్లు కాడ వాచ్‌మన్ నాకు చెప్పినాడు కృష్ణా. నేనే నీకు చెప్పలేకపోతిని."

"ఏమని?"

కింద పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, ఇక్కడ ఈయన నోరు విప్పేదాకా ఆగితే పరువు గంగలో కలుస్తుంది. ఆమె కిందికి పరుగెత్తింది.

పడసాలలో వెంకటేశులు శెట్టి, ఇద్దరు సభ్యులు కుర్చీల్లో ఉన్నారు. దండ, కండువా పళ్లెంలో ఉన్నాయి. గడప బయట ఉచ్చీరమ్మ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది ఉచ్చీరమ్మా?"

"అమ్మా, సావుకారిని ఒక మాట అడిగిపోదామని వచ్చినా. మా కొడుకు నాగేషు సంగతి నీకు ఎరికే కదమ్మా. ఏడాది నుంచి పనికి పోడు, తిండి తినడు, గోడకల్లా సూసుకుంటా పండుకుంటాడు. మన సావుకారి మాదిరే."

ఆ చివరి మాటకు కృష్ణకుమారి ఉలిక్కిపడి శెట్టి వైపు చూసింది. ఆయన జాలిగా తల ఊపుతున్నాడు.

"సావుకారికి ఈరన్న బాగుసేసినాడని ఊరంతా అనుకుంటాండారు. నేనూ వాణ్ణి పట్టుకొని గురువారం గురువారం ఉరుకుందకు పోతిని. నువ్విచ్చిన పెసాదం వాని నోట్లో పెడ్తిని. ఆస్పత్రిలో డాక్టరమ్మ కర్నూలుకు పిలుసుకపో, మనసుకు కూడా మందుండాది అనె. నేనే వద్దంటి తల్లీ. మా సావుకారికి దేవుడే సేసినాడు, మాకూ సేస్తాడు అంటి."

"తర్వాత?" అంది కృష్ణకుమారి.

"ఆదివారం వాడు తలుపేసుకున్యాడమ్మా. సప్పుడు ల్యాదు. పక్కింటోళ్లు తలుపు పగలగొట్టి బయటికి తెచ్చిరి. బతికినాడు. బతికినాడు గాని నాతో మాట్లాడడు. మా అన్న సుంకప్పను వాని పక్కన కూచోబెట్టి వచ్చినా. నేను యాడ తప్పు సేసినానో సావుకారినే అడగాల. ఆయప్పకు పలికిన ఈరన్న నాకేంటికి పలకల్యా?"

కృష్ణకుమారి మెట్ల వైపు చూసింది. ఆదివారం. వాచ్‌మన్. గరిటె కాదు. మూడు రాత్రుళ్లు ఆ మనిషి గోడవైపు తిరిగి మోసింది దీన్నా!

"గురువారం పూట నీసు తినింటారు" అన్నాడు వెంకటేశులు శెట్టి. పాపం, ఆయన మంచి చెబుతున్నాననే అనుకున్నాడు. "మడి తప్పితే ఈరన్న ఊరుకోడు."

ఉచ్చీరమ్మ ఆలోచించింది. కళ్లు పెద్దవయ్యాయి.

"నిజమే సామీ. ఒకతూరి పొద్దున్నే కోడిగుడ్డు తిన్యాడు. నేనే పెడ్తిని, నీరసంగా ఉండాడని. నా సేతులారా నేనే సేసుకుంటి."

ఇదుగో, ఇక్కడ మాట్లాడి ఉండాల్సింది కృష్ణకుమారి. ఒక్క మాట చాలు, ఆ తల్లి మీది నుంచి అంత బరువు దిగేది. మాట్లాడలేదు.

"చెల్లెమ్మా, బావగారు ఎన్ని టెంకాయలు మొక్కుకున్నారో ఆ బిడ్డకు చెప్పు. అట్లే మొక్కుకుంటుంది. ఇంట్లో ప్రసాదముంటే ఇంత పెట్టి పంపు" అన్నాడు శెట్టి.

ఆమె నోరు తెరిచింది.

"ఐదు" అంది.

ఛీ, ఏం మనిషి! అని మనకనిపిస్తుంది. ఆమెకూ అనిపించింది. అయినా నోరు ఐదు అంది, కాళ్లు వంటింటి వైపు తిరిగాయి, చెయ్యి పోయిన గురువారం మిగిలిన కొబ్బరి, చక్కెర ఉన్న గిన్నె అందుకుంది. కొడుకు పెళ్లి, ఇంటి పరువు, శెట్టి ముఖం, అన్నీ కలిసి ఆమెను నడిపించాయి.

గిన్నెతో పడసాలలోకి వచ్చేసరికి ఇంద్రసేనయ్య చివరి మెట్టు మీద ఉన్నాడు, వెనకే సాయితేజ. మాసిన పంచె, పెరిగిన గడ్డం. పూజలోంచి లేచివచ్చిన మనిషిలా లేడు. సభ్యులిద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"ఉచ్చీరమ్మా, నువ్వేం తప్పు చేయలేదు" అన్నాడు. "నేను ఉరుకుందకు పోనే లేదు."

"బావగారూ, ఏందా మాట?" వెంకటేశులు శెట్టి నవ్వబోయాడు.

"ఒక్క గురువారం కూడా పోలేదు. నేను పోయింది డాక్టరు కాడికి. మనసు డాక్టరు కాడికి. మాత్రలు మింగినా, ఎమ్మిగనూరులో ఒకామె ముందర కూచొని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినా. నాకు బాగైంది దాంతో. ఈరన్నకు నా మీద కోపమొచ్చినా సరే, ఈ మాట మాత్రం నిజం."

ఉచ్చీరమ్మకు అర్థం కాలేదు. ఆమె ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. శెట్టి మాత్రం కృష్ణకుమారి వైపు తిరిగాడు. ఇప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

"చెల్లెమ్మా, నువ్వు చెప్పు. బావకు ఒంట్లో బాగలేక ఏదో మాట్లాడతాండాడు, అంతేనా? నువ్వు అవునంటే మేము ముగ్గురం ఇది విననట్టే. రేపు గరిటె ఇంకొకరు పట్టుకుంటారు. తాంబూలాలు తాంబూలాలే."

ఎంత మంచి దారి చూపించాడు! అవును అంటే చాలు. భర్త పిచ్చి మాటలు మాట్లాడాడు అంటే చాలు, ఇంట్లో అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఆమె సాయితేజ వైపు చూసింది. వాడు ఫోను గుప్పిట్లో బిగించి నేల చూస్తున్నాడు. ఇంద్రసేనయ్య వైపు చూసింది. ఆయన ఏమీ అడగడం లేదు. పైన ఉన్నప్పుడు ఆయన అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. ఉండలేను అన్నాడు.

కృష్ణకుమారి గడప దాకా నడిచింది. గిన్నె ఉచ్చీరమ్మ ముందు పట్టుకుంది.

"ఇది ప్రసాదం కాదమ్మా. మా వంటింట్లో నేను కొట్టిన కొబ్బరికాయ. చక్కెర మా డబ్బాలోది. మొదటినుంచీ అంతే. ఐదు టెంకాయలని ఇప్పుడు చెప్పింది కూడా అబద్ధమే."

ఉచ్చీరమ్మ గిన్నెలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా కొంగు ముడి విప్పింది. అందులో గుడ్డ మూట. మూటలో ఎండి నల్లబడిన కొబ్బరి తునకలు, గడ్డకట్టిన చక్కెర. వారం వారం కొంత దాచినట్టుంది.

"మరి ఇదేందమ్మా? వాని దిండు కింద పెట్టింటి. పొద్దున కూడా దీన్ని పట్టుకొనే పండుకొన్యాడు. వానికి ఇప్పుడు ఏమని సెప్పాల?"

తిట్టి ఉంటే బాగుండేది. చెప్పు తీసి కొట్టినా బాగుండేది. ఆమె నిజంగానే అడిగింది. కృష్ణకుమారికి కళ్లనీళ్లు ధారగా కారాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నేను చెప్తా పద" అన్నాడు ఇంద్రసేనయ్య. మెట్టు దిగి, తడుముకుంటూ చెప్పులు వేసుకున్నాడు. "వాని కాడ కూచుంటా. వాడు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, నాకు అలవాటే. రేపు వాణ్ణి నాతో కారులో ఎమ్మిగనూరికి తీసుకపోతా. రానంటే బలవంతం లేదు, అడుగుతా అంతే." తర్వాత భార్య వైపు తిరిగాడు. "కృష్ణా, నువ్వు రేపన్నా లోపలికొస్తావా?"

"వస్తా" అంది. వెంటనే అంది.

ఆయన ఉచ్చీరమ్మ వెనకే వీధిలోకి దిగాడు. నాలుగు రోజులు అన్నం లేని మనిషి, అడుగు తడబడుతోంది. సందు మలుపు తిరిగేదాకా కృష్ణకుమారి చూస్తూనే ఉంది.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"రెండేండ్లు నా కండ్లలో దుమ్ము కొట్టినారు" అన్నాడు వెంకటేశులు శెట్టి. "పిల్లనిచ్చే ఇంటికి దాచేదా ఇది?"

"తప్పే అన్నా. కాదనను. ఆయనకు బాగలేదు, మనసు బాగలేదు. అది నిజం. ఏదో మాట్లాడినాడు అని మాత్రం నేననలేను. నీ పిల్లను ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం."

ఆమె కొడుకు వైపు చూడలేకపోయింది. సభ్యులిద్దరూ చప్పుడు చేయకుండా చెప్పులు వేసుకుని కారు దగ్గరికి నడిచారు. శెట్టి కండువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. దండను అక్కడే వదిలేశాడు. గడప దాటాడు, అరుగు దిగాడు.

అంతా అయిపోయిందనుకుని కృష్ణకుమారి తలుపు మీద చెయ్యి వేసింది.

ఆయన ఆగాడు. కారు వైపు ఒకసారి చూశాడు, వాళ్లు దూరంగానే ఉన్నారని చూసుకున్నాడు. మళ్లీ అరుగెక్కి దగ్గరికి వచ్చాడు. సంఘంలో నలుగురినీ కేకలేసే ఆ గొంతు ఇప్పుడు లోపలికి పోయింది.

"చెల్లెమ్మా, ఆ ఎమ్మిగనూరామె..." అంటూ చంకలోని కండువా సర్దుకున్నాడు. "ఆడపిల్లలను కూడా చూస్తుందా?"

లోపల సాయితేజ చప్పున తలెత్తాడు.